మూడో రూలు చదివాకే తుపాకి మాట

(దళిత కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్న రాత్రి మీ ప్రశ్నలు చీటీల మీద రాసివ్వమన్నాం. భూముల మీద, పెన్షన్ల మీద, శ్మశానం మీద చాలా ప్రశ్నలొచ్చాయి. ఒక తమ్ముడు మాత్రం ఇట్లా రాశాడు: "సార్, చొక్కా కింద కనపడకుండా పెట్టుకునే చిన్న తుపాకుల్లో ఏది మంచిది? లైసెన్సు మనకిస్తారా?" చీటీ చదవగానే కొంతమంది నవ్వారు. నవ్వాల్సిన పని లేదు. ఆ తమ్ముడు అట్రాసిటీ కేసులో సాక్షి. కోర్టు వాయిదాకి పోయి పొద్దుగూకాక డొంకదారిన ఒక్కడే తిరిగొస్తాడు. రాజీపడమని రెండుసార్లు దారి కాశారు. వాడి ప్రశ్న సినిమా చూసి పుట్టింది కాదు, ప్రాణభయంలోంచి పుట్టింది. అందుకని ఇవాళ నాకిచ్చిన గంటా దీనికే ఖర్చుపెడతాను.

ముందుగా ఒక మాట. ఆయుధం మన చేతికి రాకుండా ఆపింది ఎవరు? వెయ్యేళ్లుగా ఈ దేశంలో కత్తి పట్టే హక్కు ఒక వర్ణానిది, చదివే హక్కు ఇంకో వర్ణానిది. మనకి మిగిలింది చాకిరీ. 1936లో బాబాసాహెబ్ అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో ఈ సంగతే తేల్చి చెప్పాడు. కింది కులాలు ఇన్నేళ్లు ఎందుకు తిరగబడలేదంటే, వాళ్లకు ఆయుధం లేకుండా చేశారు, చదువు లేకుండా చేశారు అన్నాడు. తర్వాత తెల్లదొర వచ్చి 1878లో ఆయుధాల చట్టం చేశాడు. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, నల్లవాడికి కావాలి. ఆ లైసెన్సు కూడా ఎవడికిచ్చాడు? జమీందారుకీ, మునసబుకీ, తనకి సలాం కొట్టేవాడికీ. అప్పట్నుంచి పెద్దిళ్ల గోడకి తుపాకి వేలాడుతోంది. అది పిట్టల్ని కొట్టడానికని వాళ్లంటారు. పాలేరు లోపలికి అడుగుపెట్టినప్పుడల్లా అది కంటికి కనపడాలన్నదే అసలు సంగతి.

ఇంగ్లీషువాడు పోయాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షన్ రెండో భాగం రాసుకోండి. ఆస్తి లేదన్న ఒక్క కారణం చూపించి ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని అందులో ఉంది. కాబట్టి "నీకు ఎకరం పొలం లేదు, నీకు తుపాకెందుకురా" అని ఏ అధికారీ అనడానికి వీల్లేదు. ఇది కాగితం మీద ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని ఊళ్లోకి దించడమే మన పని.

ఇక మన నెత్తుటి చరిత్ర చూద్దాం. 1985 జూలైలో కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర నిలదీసిన మున్నంగి సువార్తమ్మ చేతిలో ఉన్నది బిందె. మర్నాడు 17వ తేదీన వందలమంది గొడ్డళ్లతో, బరిసెలతో మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిదిమందిని నరికారు, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అప్పుడు పోలీసులు ఊళ్లో లేరా? ఉన్నారు. తుపాకులతోనే ఉన్నారు. పారిపొమ్మని మనవాళ్లకి చెప్పారు. పారిపోయినవాళ్లని పొలాల్లో తరిమి తరిమి చంపారు. అంటే ఆ రోజు చుండూరులో తుపాకి లేక కాదు, ఉన్న తుపాకి మన వైపు లేక మనవాళ్లు చచ్చారు.

బీహారు సంగతి ఇంకో రకం. అక్కడ భూస్వాముల సేనలు తుపాకులతోనే వచ్చాయి. 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది. ఆడవాళ్లు, పసిపిల్లలు అందులో ఉన్నారు. కింది కోర్టు 2010లో 26 మందికి శిక్షలేస్తే, 2013లో పాట్నా హైకోర్టు అందర్నీ వదిలేసింది. మన చుండూరులోనూ అంతే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేస్తే, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇట్లాంటి తీర్పులు చూసినప్పుడు కుర్రవాళ్లకి "మన ప్రాణం మనమే కాపాడుకోవాలి" అనిపించడంలో తప్పు లేదు.

ఇప్పుడు చీటీలోని ప్రశ్నకు వస్తాను. చిన్న తుపాకుల్లో ఏది మంచిది? నేను పంతుల్ని, తుపాకుల వ్యాపారిని కాను. కానీ మన పల్లెల్లో పట్టాళంలో చేసొచ్చిన పెద్దలున్నారు. వాళ్లని అడిగి, చట్టం చదివి తెలుసుకున్నది చెబుతాను.

మొదట బోరు సంగతి. అమెరికాలో జనం జేబులో పెట్టుకు తిరిగేవి ఎక్కువగా 9 ఎం.ఎం. పిస్తోళ్లు. గ్లాక్ 19 అని, ఇంకొకటని సినిమాల్లో చూస్తారు. మన దేశంలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు. మామూలు మనిషికి దాని లైసెన్సు రాదు. విదేశీ తుపాకుల దిగుమతిని కూడా 1980ల నడుమ నుంచే మామూలు జనానికి ఆపేశారు. మనకి మిగిలింది ముఖ్యంగా 32 బోరు, ఇంకా చిన్నది 22 బోరు. 32లో రెండు రకాలు: రివాల్వరు, పిస్తోలు. రెండిటి తూటాలూ వేరు. ఒకదాని తూటా రెండోదాంట్లో వాడడానికి వీల్లేదు. లైసెన్సులో ఏది రాస్తే అదే కొనాలి. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో కూడా లైసెన్సులోనే ఉంటుంది.

రివాల్వరుకి గుండ్రని చక్రం ఉంటుంది, అందులో మామూలుగా ఆరు తూటాలు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చక్రం తిరిగి రెండోది వస్తుంది. పని తేలిక, నేర్చుకోవడం తేలిక. కానీ ఆ చక్రం లావు. పల్చటి చొక్కా కింద ఉబ్బి కనపడుతుంది. పిస్తోలు బల్లపరుపుగా ఉంటుంది, దాచుకోవడం సులువు. కానీ దానికి తూటాల పెట్టె, పైన వెనక్కీ ముందుకీ జరిగే స్లైడు, సేఫ్టీ మీట ఉంటాయి. తూటా ఇరుక్కుంటే తీయడం రావాలి. భయంలో, చీకట్లో, చేతులు వణికేటప్పుడు అది రావాలంటే బాగా సాధన ఉండాలి. కొత్తవాడికి రివాల్వరే నయం అని పట్టాళం పెద్దలంటారు.

చిన్నదీ తేలికదీ అయితే మంచిదే గదా అనుకుంటారు. కాదు. తుపాకి ఎంత తేలికైతే పేలినప్పుడు చేతిని అంత గట్టిగా తంతుంది. గొట్టం పొట్టిదైతే గురి తొందరగా తప్పుతుంది. పిడి చిన్నదైతే పట్టు జారుతుంది. కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ 2014లో 'నిర్భీక్' అని అరకిలో బరువున్న 32 రివాల్వరు తెచ్చింది. ఢిల్లీ ఘటనలో చనిపోయిన ఆడబిడ్డని తలుచుకొని ఆడవాళ్ల కోసమని ఆ పేరు పెట్టారు. ధర? అప్పుడే లక్షా ఇరవై వేల పైన. ఏ ఆడవాళ్ల కోసం? కలుపు తీసే మన తల్లులు, అక్కలు లక్షా ఇరవై వేలు ఎక్కడ తెస్తారు? ఆ రివాల్వరు ఎవరి ఇంటికి చేరుతుందో ఆ ధరే చెబుతోంది.

సరే, ఎవరో ఒకరు కొన్నారే అనుకుందాం. దాన్ని ఉత్త జేబులో వేసుకోకూడదు. తాళం చెవులో, చిల్లర డబ్బులో ట్రిగ్గర్‌కి తగిలితే మీ తొడలోనే దిగుతుంది. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకునే తోలు హోల్‌స్టర్ నడుముకి కట్టుకోవాలి. మన ఎండల్లో చెమటకి ఇనుము తుప్పు పడుతుంది, కాబట్టి తరచుగా తుడిచి నూనె పెట్టాలి. ఇంట్లో పిల్లలుంటే తుపాకి ఒకచోట, తూటాలు ఒకచోట తాళమేసి పెట్టాలి. లుంగీ, బనీనుతో పొలం పనికి పోయేవాడు దాన్ని ఎక్కడ దాస్తాడు? గట్టు మీద పెట్టి నాటేయడానికి దిగితే ఎవడైనా ఎత్తుకుపోతాడు. ఆఖరికి పోయిన తుపాకికి జవాబు చెప్పాల్సింది మనమే. ఇంకో సంగతి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమని ఆర్డరేస్తారు. మన పల్లెల మీద దాడులు ఎక్కువగా జరిగేది ఎప్పుడు? ఎన్నికలప్పుడే గదా! అవసరమైన రోజున అది మీ నడుముకి ఉండకపోవచ్చు.

లైసెన్సు పద్ధతి చెబుతాను. 21 ఏళ్లు నిండాలి. జిల్లాలో కలెక్టరుకి, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనరుకి దరఖాస్తు పెట్టాలి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం తుపాకి వాడకంలో శిక్షణ సర్టిఫికెట్, ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. పోలీసులు విచారణ చేసి రిపోర్టు ఇస్తారు. రివాల్వరుకి తగిన కారణం చూపాలి. మనకి కారణం ఏంటి? ప్రాణభయం. దానికి రుజువు కావాలి. బెదిరించిన ప్రతిసారీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకున్నవాడికే ఆ రుజువు ఉంటుంది. లైసెన్సు ఇవ్వకపోతే కారణాలు రాతలో ఇమ్మని అడగండి, అది 14వ సెక్షన్ మూడో భాగం. తర్వాత 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేయొచ్చు. కానీ మన రాజ్యాంగంలో తుపాకి పెట్టుకోవడం ప్రాథమిక హక్కు కాదు. ఇవ్వాలా వద్దా అన్నది చాలావరకు అధికారి చేతిలో ఉంది. ఆ అధికారి ఎవరి ఇంట్లో భోజనం చేస్తాడో మీకు తెలుసు.

ఈ 'అధికారి ఇష్టం' ఎట్లా పనిచేస్తుందో అమెరికా నల్లవాళ్లని అడగండి. 1956 జనవరిలో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకి పెట్టుకోడానికి అనుమతి అడిగాడు. ఇవ్వలేదు. బాంబు పడిన ఇంటివాడికి కూడా ఇవ్వలేదు! 1967లో బ్లాక్ పాంథర్లు కాలిఫోర్నియాలో బహిరంగంగా తుపాకులు పట్టుకు తిరిగితే, తుపాకి మా హక్కు అని చెప్పుకునే తెల్ల నాయకులే హడావుడిగా చట్టం తెచ్చి నిషేధించారు. ఆ పాంథర్ల పేరు తీసుకునే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు పుట్టారు. పోనీ లైసెన్సు వస్తే క్షేమమా? 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్ల సోదరుణ్ని పోలీసు కారు ఆపాడు. తన దగ్గర తుపాకి ఉందని అతను మర్యాదగా ముందే చెప్పాడు. అతనికి లైసెన్సు ఉంది. అయినా చిన్నపిల్ల చూస్తుండగా కారులోనే కాల్చి చంపారు. ఆ పోలీసుని మరుసటి ఏడాది కోర్టు నిర్దోషి అంది. లైసెన్సు కాగితం ఇద్దరికీ ఒకటే. తెల్లవాడి నడుముకుంటే అది హక్కు, నల్లవాడి నడుముకుంటే అది నేరం. ఇక్కడ మన చొక్కా కింద కనపడితే ఏమంటారు? "నక్సలైటు" అంటారు.

అందుకే లైసెన్సు లేని తపంచా, నాటు తుపాకి మాట మన పల్లెల్లో వినపడకూడదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా మామూలు తుపాకి ఉంచుకుంటే తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో అయిదేళ్లు జైలు. తయారు చేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం. మన మీద కౌంటర్ కేసు పెట్టడానికి సాకు కోసం ఎదురుచూసేవాడికి మనమే సాకు ఇచ్చినట్టు అవుతుంది. ఒక్క నాటు తుపాకి దొరికితే పల్లె మొత్తం స్టేషన్ చుట్టూ తిరగాలి, అసలు అట్రాసిటీ కేసు పక్కకి పోతుంది.

ఆత్మరక్షణ హక్కు మనకి లేదా? ఉంది. పాత పీనల్ కోడ్‌లో 96 నుంచి 106 దాకా ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. ప్రాణం తీయడానికి వచ్చినవాణ్ని ఆపొచ్చు. కానీ ఆపడానికి ఎంత అవసరమో అంతే. పోలీసుల దగ్గరికి పోయే వ్యవధి ఉంటే పోవాలి. ఇవన్నీ తర్వాత కోర్టులో రుజువు చేసుకోవాల్సింది మనమే.

మరి ఏం చేద్దాం? ఇక్కడే అసలు సంగతి చెబుతున్నాను, పెన్ను తీయండి. 1989 అట్రాసిటీ చట్టం కింద 1995లో రూల్స్ వచ్చాయి. అందులో 3వ రూలు. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్ని ప్రభుత్వం గుర్తించాలి. కలెక్టరు, ఎస్పీ అక్కడికి పోయి పరిస్థితి చూడాలి. తర్వాత మూడో అంశం: అవసరమైతే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్ల తుపాకి లైసెన్సులు రద్దు చేయాలి. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గరి చుట్టాలవీ, పనివాళ్లవీ, కుటుంబ స్నేహితులవీ. ఆ తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. నాలుగో అంశం: దొంగ తుపాకులన్నీ పట్టుకోవాలి. అయిదో అంశం: ప్రాణ రక్షణకు, ఆస్తి రక్షణకు అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

చూశారా వరస! ముందు వాళ్ల తుపాకి దించమంది. తర్వాతే మన చేతికి ఇవ్వమంది. మనం ఇన్నాళ్లు అయిదో అంశం గురించే మాట్లాడుకుంటున్నాం, మూడోది ఎవరూ అడగడం లేదు. నా తమ్ముడు లక్ష రూపాయలు అప్పుచేసి రివాల్వరు కొనడం కంటే, గోడకి వేలాడే ఆ తుపాకి స్టేషన్‌కి పోవడం వల్ల పల్లె మొత్తానికి రక్షణ. పైసా ఖర్చు లేదు. నడుముకి కట్టిన రివాల్వరు ఒక్క మనిషికి కాపలా. ఆ మనిషి కూలికి పోయాక ఇంట్లో ఉన్న ఆడవాళ్లకి, బడికి పోయే పిల్లకి కాపలా ఎవరు?

అట్లాగని లైసెన్సు వద్దంటున్నానా? అనడం లేదు. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన సాక్షి ఉంటే, అయిదో అంశం చూపించి దరఖాస్తు పెడదాం. ఇచ్చినా లాభమే, ఇవ్వకపోయినా లాభమే. ప్రాణభయం ఉందని రాతలో పెట్టిన కాగితం కలెక్టరాఫీసులో ఉంటుంది. రేపేమైనా జరిగితే "మాకు తెలియదు" అనడానికి వాళ్లకి వీలుండదు. కానీ ఎవరు పెట్టాలి, ఎందుకు పెట్టాలి అన్నది సంఘంలో కూర్చుని తేల్చుకోవాలి. తాగుడు అలవాటున్నవాడికి, ముక్కుమీద కోపమున్నవాడికి సంఘం సంతకం పెట్టకూడదు. పెళ్లిలో గాల్లోకి కాల్చేవాడికి అసలు పెట్టకూడదు, అది ఇప్పుడు నేరం కూడా.

ఇళ్లకు పోయాక చేయాల్సిన పనులు చెబుతున్నాను.

ఒకటి. మీ మండలంలో ఎన్ని తుపాకి లైసెన్సులున్నాయి, వాటిలో ఎస్సీ, ఎస్టీలవి ఎన్ని అని 2005 సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. పేర్లు అడగొద్దు, లెక్క అడగండి. లెక్క చాలు, బొమ్మ అర్థమవుతుంది.

రెండు. దాడి జరిగిన ఊరు, బెదిరింపు ఉన్న ఊరు అయితే 3వ రూలు కింద గుర్తించమని కలెక్టరుకీ, ఎస్పీకీ అర్జీ ఇవ్వండి. మూడో అంశం, నాలుగో అంశం, అయిదో అంశం వరసగా పేరుపెట్టి రాయండి.

మూడు. 17వ రూలు కింద జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. అధ్యక్షుడు కలెక్టరే. కూర్చుంటున్నారా? మినిట్స్ చూపించమనండి. మనవాళ్లు సభ్యులుగా ఉంటే వాళ్లని నిలదీయండి.

నాలుగు. చీటీ రాసిన తమ్ముడూ, ఇది నీకు. 2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టంలో 15ఎ సెక్షన్ అమల్లో ఉంది. బాధితుడికీ, సాక్షికీ రక్షణ ఇవ్వడం రాజ్యం బాధ్యత. ప్రత్యేక కోర్టులో పిటిషన్ వేస్తే రక్షణకి ఆర్డరు అడగొచ్చు, వాయిదాకి ప్రయాణ ఖర్చులు అడగొచ్చు. ఈ వారంలోనే మన వకీలుతో కలిసి వేద్దాం. అప్పటిదాకా ఏ వాయిదాకీ నువ్వు ఒక్కడివే పోవు. ప్రతి వాయిదాకీ నలుగురు వెంట వస్తారు. ఎవరెవరు, ఏ రోజు అన్న వంతులు ఈ మధ్యాహ్నమే రాసుకుందాం.

అయిదు. కావాలని విధి నిర్వహించని అధికారి మీద, అతను ఎస్సీ, ఎస్టీ కానివాడైతే, అదే చట్టం 4వ సెక్షన్ ఉంది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఈ సెక్షన్ నంబరు అర్జీ చివర రాయడం మర్చిపోవద్దు.

కారంచేడు తర్వాత మనవాళ్లు చీరాలలో శిబిరం వేసి కూర్చున్నారు. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ పుట్టింది. కారంచేడు హంతకులకి 2008లో సుప్రీంకోర్టులో శిక్ష పడిందంటే 23 ఏళ్లు సాక్షులు మాట మార్చకుండా నిలబడ్డారు కాబట్టి. చుండూరు మనవాళ్లు చనిపోయినవాళ్లని ఊరి నడిమధ్య పూడ్చి దానికి రక్తక్షేత్రం అని పేరుపెట్టారు. కోర్టు మా ఊరికే రావాలన్నారు, తెచ్చుకున్నారు. హైకోర్టు తీర్పు మన గుండె కోసింది, నిజమే. కానీ దొరలు తమ సొంత ఊళ్లో, మాలపల్లె జనం ఎదురుగా, ముద్దాయిలై బోనులో నిలబడిన రోజు ఈ దేశం చూసింది. అక్కడిదాకా తెచ్చింది జేబులో తుపాకులు కావు. కూలి మానుకుని వాయిదాలకి పోయిన మన తల్లులు, అక్కలు.

కాబట్టి తమ్ముళ్లారా, 'ఏ తుపాకి మంచిది' అని నన్నడిగారు. గోడ మీద నుంచి దిగి ప్రభుత్వ ఆయుధాగారానికి పోయిన దొర తుపాకే మనకి మంచి తుపాకి. ముందు దాన్ని దించే అర్జీ రాద్దాం. కాగితాలు ఇక్కడే ఉన్నాయి, చదువొచ్చినవాళ్లు రాయండి, రానివాళ్లు చెప్పండి, వేలిముద్రలు వేయండి. సాయంత్రం లోపల ప్రతి ఊరి నుంచీ ఒక అర్జీ నా చేతికి రావాలి.

జై భీమ్!